పడవలో వచ్చిన చోళ్ళు

సరస్ పోయినప్పుడు ఆవిడ కూతురు అంబీ ఏడవలేదు. అవోకాలో తల్లి ఇంటినిండా చుట్టాలు, గుమ్మంలో చెప్పుల గుట్ట, లోపల శోకాలు. అంబీ మాత్రం టీ కలిపింది, కప్పులు కడిగింది, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది. ఏడవని కూతురు కనబడితే లోకం ఊరుకుంటుందా? "దాని గుండె రాయి" అన్నారు. అననీ. రాయి ఎండకైనా వేడెక్కుతుంది, అంబీకి అదీ లేదు.

కర్మకాండ అయ్యాక నార్త్‌డేల్‌లో తన ఇంటికి పోయి, మర్నాడే పనిలోకి వెళ్ళిపోయింది. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఒక పరిశోధనాలయంలో ఆమె టెక్నీషియన్. తెల్లవాళ్ళతో సమానంగా అందరికీ ఓటు వచ్చి అప్పటికి ఏడాది దాటింది. అంతకుముందు ఏ దొరా ఖాతరు చేయని చిరుధాన్యాల మీద అప్పుడే పని మొదలైంది. ఆ పనికి పైఅధికారిగా ఆంధ్ర నుంచి భానుమతి వచ్చింది. రకరకాల ఊళ్ళ గింజలు మొలకెత్తించడం, ఆకు నూరి డీఎన్ఏ తీయడం, దాన్ని జెల్ అనే మెత్తటి పలకలో పోసి కరెంటు పెట్టడం. దీపం వేస్తే పలక మీద నారింజ గీతలు వెలుగుతాయి. గీతలు కలిసిన గింజలు చుట్టాలు, కలవనివి పరాయివి. చేతులకి అలవాటైన పని కాబట్టి సాగిపోయింది. మనసు ఎక్కడుందో అంబీకే తెలియదు.

తల్లి వదిలి వెళ్ళింది ఒక్కటే, కుండెడు చోళ్ళు. భానుమతి వాటిని రాగులు అంటుంది. ఆంధ్ర నుంచి ఇక్కడి చెరుకుతోటల్లో కూలికి వచ్చిన ముత్తవ్వ చీర కొంగున కట్టి పడవలో తెచ్చిందట. ఆ ఇంట్లో అదొక మతం. ఏటా పెరట్లో నాలుగు సాళ్ళు వేయడం, పక్కవాళ్ళ గింజ కలవనీయకపోవడం, చలికాలం అమ్మోరి పూజకి ఆ చోళ్ళతోనే అంబలి కాయడం. సరస్ అందరికీ పోసి, "ఉప్పు సరిపోనాదా?" అని ఒక్కొక్కర్నీ అడిగేది. తను మాత్రం ముట్టేది కాదు. "నాకు ఒక్కపొద్దు" అనేది. ఎంత భక్తో అనుకునేది అంబీ.

ఒకరోజు గుప్పెడు చోళ్ళు తెచ్చి భానుమతి బల్ల మీద పెట్టింది.

"డాక్టర్, ఇది మా అమ్మ చోళ్ళు. బోటులో వచ్చింది. ఇండియా గీతతో కలిస్తే చాలు, నాకు చూపించు."

అంతకంటే చెప్పడానికి ఆమె దగ్గర తెలుగు లేదు. ఆ గీత కలిస్తే తల్లిది ఏదో తన దగ్గర మిగిలినట్టు, లోపల గడ్డకట్టినదేదో కదులుతుందేమోనని ఆశ.

కలవలేదు. ఆంధ్ర గింజల గీతలు ఒక దారి, అంబీ గింజలవి ఇంకో దారి. అచ్చంగా కలిసింది ఎస్ట్‌కోర్ట్ ఊరి దగ్గర నల్లవాళ్ళ, జులూల ఇళ్ళ నుంచి తెచ్చిన గింజతో. వాళ్ళు దాన్ని ఉపోకో అంటారు.

"గింజల గొట్టాలు తారుమారయ్యాయేమో అంబీ గారూ" అంది భానుమతి.

అంబీ మళ్ళీ మొలకెత్తించి, మళ్ళీ నూరి, మళ్ళీ పోసింది. మళ్ళీ అదే.

"బాధపడకండి. అసలు రాగి పుట్టిందే ఈ ఖండంలో. ఇక్కణ్ణుంచే మనకొచ్చింది. దాన్ని ఇక్కడికి తెచ్చామనడం, అమ్మ పుట్టింటి గొప్ప మేనమామ దగ్గర చెప్పుకోవడమే" అని నవ్వించబోయింది భానుమతి.

అంబీ తలూపి, పలక పారేసి, తట్ట కడిగి పెట్టింది. బాధైనా వేస్తే బాగుండు.

తల్లి పోయి ఏడాది తిరిగాక, ఏడూడికి అవోకా వెళ్ళింది. వంటకి సాయంగా ప్రేమీ పిన్ని వచ్చింది, సరస్‌కి చెల్లెలు. పిన్ని చోళ్ళ కుండ తీయబోతే అంబీ వద్దంది.

"అది వద్దు పిన్నీ. షాపు పిండి చాలు. అది బోటుది కాదు."

పిన్ని చేయి కుండ మీదే ఆగిపోయింది. "ఎవులు సెప్పినారు?"

"మెషీన్ చెప్పింది."

పిన్ని పీట లాక్కుని కూర్చుంది.

"మేం కేటో మేనర్‌లో ఉండగా, తెల్లోళ్ళ గవర్మెంటు ఇళ్ళు పడగొట్టేసిన ఏడు. ఒకటే వాన. లారీ ఎక్కించినప్పుడు అక్క సేతిలో కుండ జారిపోనాది. సోళ్ళన్నీ బురద. మీ అమ్మమ్మ సూస్తే సంపేసును. పక్కింటి జులూ ఆమె, పేరు మాఖుమాలో, తన బ్యాగులోంచి సోళ్ళు తీసి పోసింది. ఆల్ల ఇల్లు కూడా బ్రేక్ చేసేసినారు, పాపం. రెండు గింజలూ ఒక్కలాగే ఉన్నాయి, ఎవులూ పట్టలేదు. నేను సిన్నపిల్లని. అక్క నా సేత ఒట్టేయించింది."

"అమ్మమ్మ పోయాక అయినా చెప్పొచ్చు కదా?"

"అమ్మోరు ఉన్నాది కదే! అమ్మోరికి అబద్దం పెడతన్నాను, అది నా నోట్లో ఎలాగ పోసుకుంతాను అన్నాది. దోసం నాకొక్కదానికే రానీ అన్నాది. అందుకే తాగలేదు. ఒక్క సుక్క తాగలేదు."

అంబీ పొయ్యి వెలిగించింది. అమ్మ ఉప్పు సంగతి ఒక్కొక్కర్నీ ఎందుకలా అడిగేదో ఇప్పుడు తెలిసింది. తన చేత్తో కాచిన అంబలి రుచి ఆవిడకి తెలియదు. ఎవరో ఒకరు చెప్పాలి.

కుండలోని చోళ్ళే తిరగలిలో విసిరింది, అంబలి కాసింది, మజ్జిగ కలిపింది. మొదటి గిన్నె తల్లి ఫోటో ముందు పెట్టింది. రెండోది తనే తాగింది.

"ఉప్పు సరిపోయింది అమ్మా" అంది. "నువ్వూ తాగు."

పిన్ని లేచి వచ్చేసరికి అంబీ గిన్నె పట్టుకుని నేలమీద కూర్చుని, ఏడాదిగా రాని ఏడుపంతా ఏడుస్తోంది.