చామంతికి బాప్తిస్మం ఎవరిచ్చారు?

నాకు అక్షరం ముక్క రాదు. అందుకే ఈ సాయంత్రం మనవరాలి చేత రాయిస్తున్నాను. చర్చి నోటీసు బోర్డుకి అంటించేదీ అదే.

పసిబిడ్డ తల్లి సునీత దగ్గుతో వారంగా కునుకు లేకుండా ఉంది. అందుకని పొద్దున ఆరాధనకి తులసి, శొంఠి కషాయం కాచి ఫ్లాస్కులో తీసుకెళ్ళాను. మా అమ్మ మమ్మల్నందరినీ దానితోనే నిద్రపుచ్చింది. చర్చి వంటగదిలో కప్పులో పోసేలోగా పాస్టరమ్మగారు ఫ్లాస్కు లాక్కుని సింకులో ఒంపేశారు.

“ఏంటి మామ్మగారూ, పూజలు చేసే మొక్కని చర్చిలోకి తెస్తారా? సునీతకి ఈ డబ్బాలోని కామింగ్ టీ ఇద్దాం, మనసు కుదుటపడుతుంది. మీరూ తాగండి, కోపం తగ్గుతుంది.”

చదువు లేకపోయినా నాకు కళ్ళున్నాయి. డబ్బా మీద బొమ్మలో తెల్లటి చిట్టి చామంతులు!

“మా గుంటూరులో చామంతి దండలు ఏ దేవుడి మెడలో వేస్తారో తెలుసా పాస్టరమ్మా?” అన్నాను.

ఆవిడ గబుక్కున డబ్బాని బొమ్మ కనపడకుండా గోడవైపు తిప్పేశారు. సునీత దగ్గుకుంటూనే ఇంటికి వెళ్ళింది.

డబ్బాలో పెట్టి అమ్మితే పువ్వుకి బాప్తిస్మం అయిపోతుందా? తెలిసినవాళ్ళు ఈ కాగితం కిందే రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది. ఈలోగా సునీత ఇంటికే కషాయం పంపుతున్నాను. వాళ్ళ సింకు దగ్గర పాస్టరమ్మగారు ఉండరు.