పదిహేడో నంబరు ఇల్లు

ఆఫీసులో అందరూ ఆవిడని ‘మళ్ళీచూడక్క’ అనేవారు. ఎవరు ఏ కాగితం తెచ్చినా “మళ్ళీ ఒకసారి చూడు” అనడం ఆవిడ ఊతపదం. ఇరవై రెండేళ్ళుగా కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తూ ఒక్క తప్పునీ గడప దాటనివ్వలేదు. దీపం కిందే చీకటన్నట్టు, చివరికి ఆ తప్పేదో ఆవిడ చేతుల మీదుగానే జరిగింది.

కొత్త క్వార్టర్లు మూడు వందలు. మొదటి విడతగా ఇరవై మందికి ఆవిడ రాసిన ప్రోగ్రాముతో కంప్యూటరే లాటరీ తీసింది. ఒక్కొక్కరి వంతు రాగానే తనకి తోచిన నంబరొకటి ఇస్తుంది. ఇచ్చింది మళ్ళీ ఇవ్వకుండా పట్టికలో రాసుకుంటుంది. కింది అంతస్తులోని పదిహేడో నంబరు అటెండరుకి వచ్చింది. మోకాళ్ళు పనిచెయ్యని తల్లిని ఇన్నేళ్ళూ వీపున మోసి మెట్లెక్కించిన మనిషి. ఆ సంతోషంలో ఆ పూట అతను కలిపిన టీలో చక్కెర రెండింతలు పడింది.

మధ్యాహ్నం డిస్పెన్సరీ నర్సమ్మ వచ్చింది. ఆవిడ చీటీలోనూ పదిహేడే.

అక్క ప్రోగ్రాము తెరిచింది. పట్టికని ఖాళీ చేసే ఆదేశం, ప్రతి వంతుకీ తిరిగే లూపు బయట మొదట్లో ఒక్కసారి ఉండాల్సింది, లోపల ఉంది. వంతు మారినప్పుడల్లా అంతకు ముందు ఇచ్చినవన్నీ చెరిగిపోయాయి. పదిమందితో పరీక్షించినప్పుడు అదృష్టం కొద్దీ ఏ రెండూ కలవలేదు. ఆ అదృష్టమే కొంప ముంచింది.

ముందు వచ్చినవాళ్ళదే ఇల్లు, ఇద్దరిలో ఎవరికి ముందు వచ్చిందని ఆఫీసరు అడిగాడు. అది ఆవిడ ఒక్కదానికే తెలుసు. నర్సమ్మది తొమ్మిదో వంతు, అటెండరుది పద్నాలుగోది. తారుమారు చేసి చెప్పినా అడిగేవాడు లేడు. అటెండరుకే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“నర్సమ్మకేనండీ,” అంది.

ఆ ఆదేశం సరిచేసి అటెండరు వంతు మళ్ళీ తీస్తే రెండు వందల ఆరు వచ్చింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ కబురూ, తప్పు తనదేనన్న సంగతీ ఆవిడే వెళ్ళి చెప్పింది. అతను తలూపి, గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయాడు.

మర్నాడు తన బల్ల మీదికి టీ వస్తుందని ఆవిడ అనుకోలేదు. వచ్చింది.

“మా అమ్మ ఒక మాట అడగమందక్కా. ఈ ఇల్లు ఇంకెవరికీ రాదు కదా?”

“రాదు. నాలుగుసార్లు చూశాను.”

“అయితే చాలు. మెట్లు నాకు అలవాటే.”

టీ పక్కన చల్లారుతుంటే, ఆవిడ ప్రోగ్రాము తెరిచి ఐదోసారి చూడడం మొదలుపెట్టింది.