షిప్పు ఉద్యోగానికి బావి ఈత

ఆ రోజుల్లో మా పుంగనూరు వైపు నీళ్లంటే భయపడేవాళ్లు ఉండేవాళ్లు కారు. ధైర్యం ఎక్కువై కాదు, భయపడేటన్ని నీళ్లు లేక. చెరువు నిండితే పండగ, ఎండితే మామూలు సంవత్సరం. అలాంటి నేల మీద పుట్టి, మీసాలొచ్చేదాకా మోకాలు దాటిన నీళ్లలో నిలబడి ఎరగనివాణ్ణి, సముద్రం మీద ఉద్యోగానికి బయలుదేరాను. ఇప్పుడు చెబితే మా ఇంట్లో పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. నవ్వనివ్వండి. అప్పటి వణుకు ఎలాంటిదో పడ్డవాడికి తెలుసు.

అప్పుడు నేను మదనపల్లెలో ఒక బేకరీలో బన్నులు కాల్చేవాణ్ణి. మా ఓనరు తమ్ముణ్ణి ఊరంతా షిప్పు భాయ్ అనేవాళ్లు. ఆయన విదేశీ షిప్పు కంపెనీలో రొట్టెల మాస్టరు. (కంపెనీ పేరు చెప్పను. ఇప్పుడది చాలా పెద్దది, నా ఈత సంగతి దానికి తెలియకపోవడమే మంచిది.) సెలవుకు వచ్చినప్పుడల్లా మాతో పాటు మైదా పిసుకుతూ ఆ కంపెనీ పురాణం విప్పేవాడు. మొదట్లో వాళ్లకు ఉన్నది ఒకే ఒక ముసలి షిప్పట. విమానాలు వచ్చి సముద్రం మీద పోయే జనం తగ్గిపోతే, పాత ఇనుముకు పోవాల్సినదాన్ని కంపెనీ పెట్టిన సేటు చవగ్గా కొన్నాడట. ఈ దేశం నుంచి ఆ దేశానికి చేర్చే పని మానేసి, జనాన్ని ఎక్కించుకుని, నాలుగు దీవులు చూపించి, కడుపు పగిలేలా తినిపించి, ఆటలూ పాటలూ పెట్టి, మళ్లీ ఎక్కిన రేవులోనే దించడం మొదలుపెట్టాడట. కొన్నాళ్లు సగం గదులు ఖాళీగానే తిరిగాయి. తర్వాత, గొప్పవాళ్లకే కాకుండా గుమాస్తాలకూ కొత్త దంపతులకూ అందే ధరకు టిక్కెట్టు పెట్టేసరికి జనం విరగబడ్డారు. ఆ లాభంతో ఇంకో పాత షిప్పు, దాని లాభంతో మరొకటి, చివరికి ఏకంగా కొత్తవే కట్టించుకునే స్థితికి వచ్చారు.

"ఎక్కినకాడే దిగేదానికి టిక్కెట్టా భాయ్?" అన్నాను నేను.

"అదే మజా బేటా! ముందర నేను ఒక్కన్నే సేత్తో పిండి కలిపేవాన్ని. ఇప్పుడు మిషన్లు ఉండాయి, మనుషులు సాలడం లేదు. కొత్త షిప్పుకు ఒక సెయ్యి కావాల. వస్తావా?"

"వస్తా" అనేశాను. నాకు ఆశ పుట్టి కాదు. సదుం దగ్గర మా భూమి వాన మీద బతికేది. వరసగా వానలు మొహం చాటేస్తే మా నాయన ఎద్దుల్ని సంతకు తోలేసి, ఖాళీ కొట్టం గుమ్మంలో కూర్చుని బీడీలు కాల్చేవాడు. ఈ ఉద్యోగం వస్తే ఆ కొట్టంలో మళ్లీ ఎద్దులు నిలబడతాయి, రాకపోతే నాయన ఇంకొకరి పొలంలో కూలికి నిలబడాలి. అంతే లెక్క. కానీ భాయ్ మెల్లగా చెప్పాడు, మద్రాసులో షిప్పు ఏజెంటు దగ్గర ఈత పరీక్ష ఉంటుందని. నాకేమో ఈత రాదు.

మా అమ్మ ఒకటే ఏడుపు. "నీళ్లు లేక మనం సస్తాంటే, నువ్వు నీళ్లల్లో సచ్చేదానికి పోతావా నాయనా?" అంది. నాకూ అదే అనుమానం.

ఆ ఎండాకాలంలో నీళ్లున్న బావి మా బంధువుల్లో ఒక్క చిన్నాయనకే ఉండేది, గుడుపల్లె దగ్గర. గుండ్రటి రాతి బావి. తొంగి చూస్తే నల్లగా, చల్లగా, ఎవరో కింద కూర్చుని పిలుస్తున్నట్టు ఉండేది. చిన్నాయన నేను తేలేందుకు నా వీపుకు ఎండిన సొరబుర్ర కట్టి, మెట్టు మీద నిలబెట్టాడు.

"నీళ్లు ఉండాయి, బుర్ర ఉండాది, పైన నేనుండాను. ఇంగ యాల వణకతాండావు? దూకప్పా!"

"పాముంటాదేమో చిన్నాయనా."

"ఉంటే అదే నీకు దోవ ఇస్తాది, దూకు!" అని వెనక నుంచి ఒక్క తోపు తోశాడు.

మునిగాను. ముక్కులోకి, చెవుల్లోకి, ప్రాణంలోకి నీళ్లు పోయాయి. తేలాక గోడ రాళ్లను పట్టుకుని అమ్మను, నాయనను, తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను. (తెలియని దేవుళ్లను కూడా పిలిచానని చిన్నాయన తర్వాత అందరికీ చెప్పాడు.) పోనుపోను ఈత వచ్చింది, కానీ భయం ఎక్కడికీ పోలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, గోడను మోచేత్తో తాకుతూ, బావి చుట్టూ గానుగెద్దులా తిరిగేవాణ్ణి. కొన్నాళ్లకు సొరబుర్ర విప్పేశారు. అదే ఈత అనుకున్నాను. నేర్పిన చిన్నాయనా అదే అనుకున్నాడు.

కుప్పంలో రైలెక్కి మద్రాసు చేరాం. భాయ్ నా చెయ్యి వదలలేదు, వదిలితే తిరుగు రైలెక్కుతానని ఆయనకు తెలుసు. పరీక్ష పెట్టింది ఒక పొడుగాటి ఈత కొలనులో. నీలంగా మెరుస్తూ, అడుగు దాకా కనిపిస్తోంది. మా బావిలో అడుగు కనపడదు కాబట్టి లోతు ఎంతైనా ఊహే. ఇక్కడ నా చావు ఎంత లోతులో ఉందో అడుగున పరిచిన పలకలతో సహా కనిపిస్తోంది. తెల్లబట్టల ఆఫీసరు అవతలి గట్టు చూపించి దూకమన్నాడు. కళ్లు మూసుకున్నాను, దూకాను, చేతులూ కాళ్లూ ఆడించాను. చాలాసేపటికి చేతికి గట్టు తగిలింది. గెలిచానని కళ్లు తెరిస్తే, ఎదురుగా మళ్లీ ఆ ఆఫీసరు బూట్లే!

"ఎక్కడికి పోయొచ్చావయ్యా?" అన్నాడాయన, తెలుగు తెలిసినవాడే.

"గుండ్రం బాయిలో నేర్సినాడు సార్" అన్నాడు భాయ్ తల పట్టుకుని. "వీనికి తిరుక్కునేదే తెలుసు. మన షిప్పులూ ఎక్కినకాడికే కదా సార్ వచ్చేది!"

ఆఫీసరు పగలబడి నవ్వాడు. నవ్వి, "ఇంకోసారి దూకుతావా, ఇంటికి పోతావా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ రెండో మాట నా చెవిలో తేనె పోసింది. ఇంటికి! పొడి నేల మీదికి! అడుగు వెనక్కి వేశాను కూడా. అప్పుడు ఖాళీ కొట్టం గుమ్మంలో కూర్చున్న నాయన కళ్ల ముందుకొచ్చాడు. ఏడుపొచ్చింది. తడి మొహం కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"దూకుతా సార్" అన్నాను.

"కండ్లు తెరువు, గోడను ఇడిసిపెట్టు, నన్ను సూడు" అని భాయ్ లుంగీ ఎగగట్టి, కొలను పక్కనే నాతో పాటు నడవడం మొదలుపెట్టాడు. కళ్లు తెరిచి ఈదడం కన్నా భయమైన పని నా జన్మలో ఇంకోటి లేదు. కింద లోతు, పక్కన ఖాళీ, గట్టు మీద భాయ్ గడ్డం. వంకరటింకరగా, సగం ఈత సగం ఏడుపుగా, అవతలి గట్టు పట్టుకున్నాను.

ఆ పైన చాలా ఏళ్లు ఆ కంపెనీ రొట్టెలు కాల్చాను. మా కొట్టంలోకి ఎద్దులొచ్చాయి. కంపెనీ కూడా షిప్పు మీద షిప్పు కట్టించింది, ఒకదాన్ని మించి ఇంకొకటి. నేను కొత్తదానికి మారిన ప్రతిసారీ మొదటి వారం తేలే జాకెట్టు తొడుక్కునే పడుకున్నాను. సముద్రం నాకు అలవాటైంది గానీ, దాని భయం అలవాటు కాలేదు.

ఇప్పుడు అప్పుడప్పుడూ ఆ కొలను గట్టు మీద వణుకుతూ నిలబడ్డ బక్కవాడు గుర్తొస్తాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, భయం లేదని అబద్ధం చెప్పాలనిపించదు. "భయపడప్పా, బాగా భయపడు. భయపడతానే దూకు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడికి వినపడదనుకోండి. పళ్లు అలా టకటకా కొట్టుకుంటుంటే ఎవడికి మాత్రం ఏం వినపడుతుంది!