తిరుగుబాటు అన్న మాట తీసేశాను

న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ పక్కనున్న పాపకూర ఊళ్ళో ప్రతి శనివారం ఉదయం పదిమంది పిల్లలకు తెలుగు చెబుతాను. ఉద్యోగం వేరే, ఇది నా పిచ్చి. ఆగస్టు వస్తే చాలు, స్వాతంత్ర్య పోరాటపు మాటలన్నీ పిల్లలచేత చార్టు మీద రాయిస్తాను: పితూరీ, దండు, జప్తు, తిరుగుబాటు, స్వరాజ్యం. పలకడంలో తప్పు దొర్లితే ఊరుకునే రకాన్ని కాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని తల్లులు చాటుగా అనుకోవడం నాకు తెలుసు.

ఈ ఏడు మనం ఉంటున్న దేశం గురించి కూడా చెప్పిద్దామనిపించి, తొమ్మిదేళ్ళ పిల్లకు పది వాక్యాలు రాసిచ్చాను. అందులో ఒకటి, తెల్లవాళ్ళ ప్రభుత్వం మీద ఈ నేల మూలవాసులైన మావోరీలు తిరుగుబాటు చేశారని. ఏదో పాత పుస్తకంలో చూసి రాసేశాను. మన వీరులకు వాడే మాటే కదా, గౌరవంగానే ఉంటుందనుకున్నాను.

మేం క్లాసు పెట్టుకునే హాలు తాళాలు చూసుకునే మావోరీ పెద్దావిడే మా పంద్రాగస్టు వేడుకకు ముఖ్య అతిథి. రిహార్సల్ రోజు వెనక కుర్చీలో కూర్చుని అంతా విని, ఇంగ్లీషులో కూడా చెప్పమని పిల్లను అడిగింది. పిల్ల చెప్పింది. ఆ వాక్యం దగ్గర ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

పిల్లలు వెళ్ళాక నా పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పింది. వాళ్ళ ముత్తాతలు ఇక్కడికి దక్షిణాన నది ఒడ్డున గోధుమ పండించి ఆక్లాండ్‌కు పంపేవారట. సైన్యం వాళ్ళ నేల మీదికి వచ్చింది. ఎదిరించినవాళ్ళకు తిరుగుబాటుదారులని పేరు పెట్టారు. తిరుగుబాటుదారుల భూమి లాక్కోవచ్చని చట్టం చేశారు.

"తుపాకులతో మమ్మల్ని తరిమారు. ఆ మాటతో భూమి రాయించుకున్నారు. పిల్ల నోట అది వింటూ నేను ముందు వరుసలో కూర్చోలేను," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళు ఛాతీ విరుచుకుని నేర్పిన మాట! మనం గెలిచాం కాబట్టి మనకది తియ్యగా ఉంది. ఒక్క మాట అంత నేలను మింగేయగలదని నాకెన్నడూ తోచలేదు. క్షమించమని, మరేం రాయమంటారని అడిగాను.

"నన్నడక్కు. మీ ఇంటి మీదికి ఎవరైనా వస్తే మీవాళ్ళు ఏమంటారో అదే రాయి."

వారమంతా ఆఫీసులో కూడా అదే ధ్యాస. ఎన్నో రాశాను, కొట్టేశాను. చివరికి నిఘంటువు మూసేసి మా ఇంట్లో మాట్లాడుకునే మాటే రాశాను. ఇప్పుడు మారిస్తే పిల్ల కన్ఫ్యూజ్ అవుతుందని వాళ్ళమ్మ ఫోన్ చేస్తే, అయితే అవనివ్వమ్మా అని కసిరాను.

వేడుక రోజు ఆవిడ కూతుళ్ళు, మనవలతో వచ్చింది కానీ తలుపు దగ్గరే నిలబడింది. ముందు వరుసలో కుర్చీ ఖాళీ. పిల్ల మైకు ముందుకు వెళ్ళి తెలుగులో చెప్పి, వెంటనే ఇంగ్లీషులోనూ చెప్పింది.

"సైన్యం ఇంటి మీదికి వచ్చింది. మావోరీలు తమ ఇంటిని కాచుకున్నారు."

ఎక్కడా తడబడలేదు. మావాళ్ళంతా చప్పట్లు కొట్టి, ఇక అయిపోయిందనుకుని సమోసాల వైపు లేచారు. అంతలో పెద్దావిడ నడిచి వచ్చి పిల్ల వెనక నిలబడింది. కూతుళ్ళు, మనవలు ఆవిడ పక్కన చేరారు. మైకు లేదు, వాద్యం లేదు, పాట ఎత్తుకున్నారు. కిటికీ అద్దాలు అదిరాయి. లేచినవాళ్ళు లేచినట్టే నిలబడిపోయారు.

పాట అయ్యాక ఇదేమిటని ఆవిడ కూతుర్ని అడిగాను.

"మావాళ్ళు ఎవరైనా మాట్లాడితే, ఆ మాట వెనక మేమున్నామని లేచి పాడతాం."

మా పిల్లను కలుపుకుని మావాళ్ళు అంది. పదిమంది పిల్లల ముందు, వాళ్ళ తల్లుల ముందు, నేను భోరున ఏడ్చేశాను.