చెప్పకుండా పెట్టిన లింకు

అమరచింతలో ఉండే ఒక టీచరమ్మ తన తల్లి మగ్గం గురించి బ్లాగులో ఎప్పుడో రాసిన టపా నాకు బాగా నచ్చింది. నిన్న నా బ్లాగులో దానికి లింకు ఇచ్చాను. మెచ్చుకోవడానికి అనుమతెందుకు అనుకున్నాను. ఈ రోజు మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది.

"ఏందన్నా, చెప్పకుండ గింతమందిని ఇంటికి తోలితివి? జర ముందుగాల చెప్తే ఇల్లన్న ఊడ్చుకుంటుంటి కద!"

ఆ టపా చివర "మిగతాది రేపు రాస్తా" అని ఉంది. అది రాసి రెండేళ్లయింది. ఆ మర్నాడే వాళ్లమ్మ మంచాన పడిందట, మళ్లీ లేవలేదట. ఇదేమీ తెలియని నా పాఠకులు "మిగతాది ఏదండీ?" అని వరసబెట్టి అడుగుతున్నారట.

సిగ్గేసింది. లింకు తీసేస్తానన్నాను.

"తీయకు. నువ్వు అడిగుంటె వద్దనే అంటుంటి. పొద్దుగాల సంది గదే రాస్తున్న," అంది.

సాయంత్రం మిగతాది వచ్చింది. రెండుసార్లు చదివాను. అడగడమే మర్యాద, ఒప్పుకుంటాను. కానీ నిన్న ఆ మర్యాద పాటించి ఉంటే ఇది వచ్చేదా? మీరైతే అడిగేవారా?

ఈసారి మాత్రం అడిగాను. "జర ఆగన్నా, ఇల్లు ఊడుస్తున్న," అంది. అందుకే ఇక్కడ లింకు లేదు.