నాయన కాలి కట్టు

నాయన కాలికి కట్టు మార్చే వేళ కోసం నేను ఎదురుచూసేదాన్ని. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరూ నన్ను చూసి జాలిపడుతున్న రోజులవి. ఆడుతూ పాడుతూ తిరగాల్సిన పిల్లకి ఏం పని వచ్చి పడిందోనని అమ్మ పక్కింటివాళ్ళతో అనేది. నాకు కష్టంగా ఉండేది కాదు. నిన్నటికంటే ఈరోజు పుండు ఎలా ఉందో చూడాలని ఉండేది. మనుషుల ముఖంలోకి చూసి మాట్లాడడం నాకు చేతకాదు. పుండును మాత్రం ఎంతసేపైనా చూడగలిగేదాన్ని.

ఆ పుండు వేడినీళ్ళ వల్ల వచ్చింది. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడి కోలారు బంగారు గనిలో పనిచేసినవాడు. షిఫ్టు ముగించుకుని ఇంటికి రాగానే అవ్వ బేసిన్‌లో వేడినీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి పెట్టేదట. తాత అందులో పాదాలు పెట్టుకుని కూర్చున్నాకే కాఫీ అడిగేవాడట. నాయన గనిలోకి దిగలేదు. ఆయన చదువు ముగిసేసరికి గనిలో పనులు తగ్గిపోతున్నాయి. బెంగళూరులో ఒక కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది. పొద్దున్నే ఇక్కడి మారికుప్పం స్టేషన్‌లో రైలెక్కి, సాయంత్రం అదే దారిన తిరిగొస్తాడు. గని మూతపడినా వేడినీళ్ళ అలవాటు మా ఇంట్లో ఉండిపోయింది.

ఆయనకు షుగర్ వచ్చి ఏళ్ళయింది. పాదాలకు స్పర్శ తగ్గిన సంగతి ఆయనకే తెలియదు. ఒక సాయంత్రం అమ్మ వేడి సరిపోయిందా అని అడిగితే, ఇంకా చల్లగానే ఉన్నాయి, పొయ్యమన్నాడు. అమ్మ పొయ్యి మీది గిన్నె దించి తెచ్చి పోసింది. ఆయన పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. తుడుచుకునేటప్పుడు కుడి అరికాలి చర్మం తువ్వాలుకు అంటుకుని వచ్చింది. నొప్పి లేదన్నాడు. నొప్పి లేదు కాబట్టి పసుపు, కొబ్బరినూనె రాసుకుని, మరునాడు బూట్లు వేసుకుని పనికి పోయాడు. వారం పైనే అలా తిరిగాడు.

కోలారులో ఆస్పత్రికి తీసుకుపోయేసరికి గాయం లోతుకు దిగింది. ఎముక దాకా పోతే కాలు తీయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. కట్టు విప్పుతుంటే అమ్మ కళ్ళు తిరిగి బయటికి వెళ్ళిపోయింది. నేను ఉండిపోయాను. కట్టు కట్టే నర్సమ్మ నన్ను చూసి, భయం లేదు కదా, అయితే దగ్గరికొచ్చి చూడు, ఇంట్లో నువ్వే చెయ్యాలి అంది. గాజుగుడ్డను సెలైన్‌లో తడిపి, పిండి, గాయంలో వదులుగా పరచాలి. గట్టిగా కూరకూడదు. ఆవిడ ఒకసారి చేసి చూపించి, రెండోసారి నా చేత చేయించింది. నేను చదివిన నవలల్లో నర్సు తలుపు తీసి, డాక్టరుగారు పిలుస్తున్నారని చెప్పి వెళ్ళిపోయేది. ఆ తలుపు వెనక ఆవిడ ఏం చేసేదో ఎవరూ రాయలేదు.

ఇంట్లో కష్టమైంది పుండు కాదు, కాలు. మా ఇళ్ళలో ఆడపిల్లలు తండ్రి కాళ్ళు ముట్టుకోరు. పండగనాడు కూడా మా చేత మొక్కించుకోరు. నేను పీట వేసుకుని ఎదురుగా కూర్చుంటే నాయన కాలు వెనక్కి లాక్కునేవాడు. తానే చేసుకుంటానని అద్దం పెట్టుకుని ప్రయత్నించాడు కానీ అరికాలు అందలేదు. చివరికి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కాలు చాపేవాడు. ముగిసిందని చెప్పాక పేపరు దించి, నా చేతిని తాకి కళ్ళకద్దుకునేవాడు. నేను గాజుగుడ్డ ముక్కలు ఏరుకుంటూ చూడనట్టు ఉండేదాన్ని. పుండు గురించి రోజూ రాసుకునే డైరీలో ఆ సంగతి రాయలేదు. అంచులు గులాబీరంగుకు తిరిగాయి, వాసన తగ్గింది అని మాత్రం రాసుకున్నాను.

వేసవికి పుండు మూసుకుంది. నాయన మళ్ళీ పనికి పోయాడు. నా పీయూసీ, అంటే ఇంటర్, ఫలితాలు వచ్చాయి. నర్సింగు చదువుతానని నేను అమ్మకు చెప్పాను, అమ్మ నాయనకు చెప్పింది. మా వీధిలో నర్సులు ఉన్నారు, మా బంధువుల ఇళ్ళలోనే లేరు. చిన్నమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. దీని నోట్లోంచి మాట రావాలంటే అమావాస్య దాకా కాచుకోవాల, రోగి బతికుండాడా లేదా అని డాక్టరు అడిగితే ఎవురు చెప్పేది అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

నాయన నవ్వలేదు. బీకాం చదివితే వేమగల్‌లో ఏదో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పని దొరుకుతుంది, బస్సు ఇంటి దగ్గరికే వస్తుంది అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. అప్పుడు నాతో నేరుగా అన్నాడు.

"నా కాలు కడిగినావు, అది వేరే. కూతురుగా పుట్టిన పాపానికి చేసినావు. ఊర్లో వాళ్ళ కాళ్ళు కడిగేదానికా నిన్ను చదివించింది?"

నర్సింగు కాలేజీలో దరఖాస్తుల గడువు నెలాఖరుకు ముగుస్తుంది. నేను వాదించలేదు. వాదించడం నాకు రాదు. ఆ రోజులు ఒక్కొక్కటే పోతుంటే చూస్తూ ఊరుకున్నాను. అమ్మ బీకాం ఫారం తెప్పించి బీరువాలో పెట్టింది.

గడువు ఇంకా కొన్ని రోజులుందనగా, ఒక ఆదివారం నాయన ఒక ముసలాయనను ఇంటికి తీసుకొచ్చాడు. ఆయనది టేకల్. ఇంటి దగ్గర కొంచెం రాగి చేను, బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని. రైలు బయలుదేరేది మారికుప్పంలోనే కాబట్టి అక్కడ ఎక్కేవాళ్ళకు సీటు దొరుకుతుంది, టేకల్‌లో ఎక్కేవాళ్ళు నిలబడాలి. అందుకని నాయన సగం దారిలో లేచి ఆయనకు సీటు ఇచ్చేవాడు. అలా కలిసింది స్నేహం. ఆ వారం ఆయన పక్కన నిలబడితే బూటులోంచి వాసన వచ్చిందట. ఆ వాసన ఏమిటో నాయనకు తెలుసు.

ఆయన వరండాలో కూర్చుని నవ్వుతూనే ఉన్నాడు. "రైల్లో అందరి ముందరా నా బూటు విప్పమని ఒకటే పట్టు, పాపా. నా పెండ్లిలో మా మామ కూడా కాళ్ళు కడిగేదానికి ఇంత ఆత్రం పడలేదు."

నాయన లోపలికి వచ్చి, నేను ఉన్నవైపు కాక గోడవైపు చూస్తూ, కొంచెం చూస్తావా అన్నాడు.

నేను పీట తెచ్చుకుని మేజోడు విప్పాను. చిటికెన వేలు నల్లబడింది. ఎరుపు పాదం మీదుగా మడమ దాకా పాకింది. చెయ్యి పెడితే వేడిగా ఉంది. ఆయన ఇంకా ఏదో జోకు చెబుతున్నాడు. సెలైన్ సీసా మూత తియ్యకుండానే పక్కన పెట్టేశాను.

"ఇది ఇంట్లో కడిగేది కాదు, పెద్దనాయనా. ఈపొద్దే ఆస్పత్రికి పోవాల."

"సుమ్మనే ఊరికే ఒక కట్టు కట్టు పాపా. రేపు డ్యూటీ ఉండాది."

"కట్టను."

ఆయన నవ్వడం మానేశాడు. "వేలు పోతాదా?"

"వేలు పోతాది. నాలుగు రోజులు ఆగితే కాలు."

కొత్త మనిషి ముఖంలోకి చూస్తూ నేను అలాంటి మాట అనడం నాయన ఎప్పుడూ వినలేదు. ఆయన లోపలికి పోయి చొక్కా వేసుకుని వచ్చాడు. ముసలాయన చెయ్యి పట్టి లేపి, ఆటో కోసం వీధి చివరకు నడిపించుకుపోయాడు.

వేలు తీసేశారు. కాలు నిలిచింది. ఈ సంగతి నాయన మూడో రోజు అన్నం తింటూ అమ్మకు చెప్పాడు. ఆ ముసలాయన పక్క వార్డులో వాళ్ళందరికీ నా గురించి చెబుతున్నాడని, కట్టను పో అని తిట్టి పంపిందని చెబుతున్నాడని కూడా చెప్పాడు. నేను తిట్టలేదని అమ్మకు తెలుసు. తర్వాత, నేను అదే గదిలో ఉన్నా, నాయన అమ్మనే అడిగాడు, ఆ నర్సింగు కాలేజీ వాళ్ళకు ఏమేం కాయితాలు కావాలంట అని.

కోలారులో నర్సింగు కాలేజీ హాస్టలు దగ్గర దించడానికి ఆయనే వచ్చాడు. ఆ రోజు పనికి సెలవు పెట్టాడు. పెట్టె మోస్తుంటే కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు, నేను తీసుకుంటానంటే ఇవ్వలేదు. గేటు లోపలికి మగవాళ్ళను రానివ్వరు. పెట్టె కింద పెట్టి, వేళకు తినమన్నాడు, ఫోన్ చెయ్యమన్నాడు. నేను ఊఁ అన్నాను. బస్సు వైపు నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. నా ముందు కాలు చాపినప్పుడు తనకెలా ఉండేదో ఆయన నాతో ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు కూడా నా వైపు కాక రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"అమ్మా, ఎవురి కాలైనా పట్టుకునేటప్పుడు ముందు ఒక మాట అడిగి పట్టుకో. అడక్కుండా పట్టుకుంటే మనిషికి సానా సిగ్గయితాది."