రాజాంలో దొరకని గాలి

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరుచుకున్న ఏడాది వేసవిలో, రాజాం దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పర్చేజ్ ఆఫీసరుగా చేరాను. అంతకు ముందు చాలా ఏళ్లు గరివిడి వైపు ఒక కర్మాగారం స్టోర్సులో పనిచేశాను. ఆక్సిజన్, ఆర్గాన్ సిలిండర్లు దించుకోవడం, వాటి మెడ మీద కొట్టిన పరీక్ష తేదీ చూసుకోవడం నాకు అలవాటైన పని. అందుకే కాబోలు, కాలేజీలో నాకు అప్పగించిన మొదటి కొనుగోలు కూడా సిలిండర్లే. కాకపోతే ఇవి పెయింట్‌బాల్ ఆటకు వాడే చిన్న ట్యాంకులు.

ఆట సంగతి చెప్పాలి. రెండు జట్లవాళ్లు డ్రమ్ముల చాటునా టైర్ల చాటునా నక్కి, రంగు నింపిన గుళికలతో ఒకరినొకరు కొట్టుకుంటారు. గుళికను విసిరే సాధనాన్ని తెలిసినవాళ్లు మార్కర్ అంటారు. మా చైర్మన్ గారు తుపాకీ అనేవారు. దాని వెనక బిగించిన ట్యాంకులోని ఒత్తిడే గుళికను తోస్తుంది. ఇంకో కాలేజీవాళ్లు ఈత కొలను కట్టించారు కాబట్టి, అడ్మిషన్లకు వచ్చే తల్లిదండ్రులకు చూపించడానికి మనకూ ఏదో ఒకటి ఉండాలని చైర్మన్ గారి పట్టుదల. లైబ్రరీ ముందు నిలబడి ఎవరూ ఫోటో దిగరని ఆయన అనుభవం.

ఈ పట్టుదలకు చిక్కినవాడు ఫిజికల్ డైరెక్టర్ సూరిబాబు. మంచి కబడ్డీ ఆటగాడు, కాంట్రాక్టు ఉద్యోగి. భార్యాపిల్లల్ని కళింగపట్నం నుంచి తెచ్చి రాజాంలో కాపురం పెట్టి ఏడాదైనా కాలేదు. “ఒరే సూరీ, అడ్మిషన్ల రోజుకి ఆ తుపాకులు పేలితే నువ్వుంటావు. పేలకపోతే ఇంటికెళ్లిపో” అని చైర్మన్ గారు నా ఎదుటే తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. కానీ చేరి నెలైనా కాని మనిషిని, ట్యాంకుల ధరలు కనుక్కునే పనిలో పడ్డాను.

కొనుగోలు కమిటీలో చైర్మన్ గారు, ప్రిన్సిపాల్, సూరిబాబు, నేను. బల్ల మీద రెండు నమూనాలు పెట్టాను. ఒకటి కార్బన్ డయాక్సైడ్‌ది, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. రెండోది గాలిది. కార్బన్ నారతో చుట్టింది కాబట్టి చూపుకు బొద్దుగా ఉన్నా ఆ మేరకు బరువు తూగదు. చైర్మన్ గారిది రైసుమిల్లు కుటుంబం. రెండింటినీ చేత్తో ఎత్తి చూసి, వేలి కణుపుతో కొట్టి చూసి, రెండోదాన్ని పక్కకు తోసేశారు.

“ఇదేటి ఆఫీసరు గారూ, బోలుగా ఉన్నాది? లోపల ఏటీ నేదు.”

ఇంకా నింపలేదు కాబట్టి లోపల ఏమీ లేదన్న మాట రెండింటికీ నిజమే అని చెప్పి, నా నివేదిక వినిపించాను. మన ఎండలకు కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి పెరిగిపోతుంది, గుళిక అదుపు తప్పి గట్టిగా తగులుతుంది. గాలి ట్యాంకుకు రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి దెబ్బ ఒకేలా పడుతుంది, ఆటకు అదే మంచిది. అయితే కార్బన్ డయాక్సైడ్ నింపేవాళ్లను విజయనగరంలో వెతికి పట్టుకోవచ్చు. గాలిని మాత్రం టైరు కంప్రెసర్ ఇచ్చే ఒత్తిడికి ముప్పై రెట్లు కుక్కాలి, అలాంటి యంత్రం ఈ చుట్టుపక్కల లేదు.

చివరి రెండు ముక్కలూ ఎవరి చెవికీ ఎక్కలేదు. చైర్మన్ గారు ‘గాలి’ దగ్గరే ఆగిపోయారు.

“గాలంటే? ఉత్త గాలేనా?”

ఉత్త గాలేనని ప్రిన్సిపాల్ ధ్రువపరిచారు. ఆయన ఫిజిక్సులో డాక్టరేటు చేసినవారు.

“మరింకేటి! ఊరికే వచ్చే గాలుండగా కొనుక్కునే గేసెందుకు?”

తోసేసిన ట్యాంకు మళ్లీ బల్ల మధ్యకు వచ్చింది. నింపే చోటు గురించి నేను మరోసారి గుర్తు చేశాను. రాజాంలో గాలి దొరకదా అని చైర్మన్ గారు నవ్వి, ట్యాంకు మీద కాలేజీ పేరు ఏ రంగులో ఉండాలన్న చర్చకు దిగారు. అది భోజనాల వేళ దాకా సాగింది.

ట్యాంకులు వచ్చాయి. పరీక్ష తేదీలు సరిచూసి దించుకున్నాను. గంధం పూసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ ట్యాంకుకే కొట్టబోతే అడ్డుపడి నేలకు కొట్టించాను. తర్వాత ట్రాక్టరు టైర్లకు గాలి పట్టే కొట్టుకు తీసుకెళ్లాం. ఆ గొట్టం ఈ ట్యాంకు మూతికి అమరనే లేదు. అమరినా ట్యాంకు మీద ఒత్తిడి చూపే మీటరు ముల్లు కదిలేది కాదు. ఫోనులో చెబితే చైర్మన్ గారు, “ఇంకాసేపు పట్టమనండి, అదే నిండుతాది” అన్నారు.

చివరికి కాలేజీ బస్సులో ట్యాంకులు పెట్టుకుని విశాఖపట్నం వెళ్లాం, సముద్రం అడుగున ఈదే డైవర్ల సిలిండర్లకు గాలి నింపే చోటికి. గబగబా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది కాబట్టి వాళ్లు నిదానంగా నింపారు. తిరుగు దారంతా సూరిబాబు ఒక ట్యాంకును తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

అడ్మిషన్ల రోజు మొదటి గుళిక చైర్మన్ గారు కొట్టారు. తర్వాత వారి బావమరిది, ఇద్దరు అల్లుళ్లు, ఆపైన ప్రిన్సిపాల్. మధ్యలో సూరిబాబు గాలి అయిపోతోందని రెండుసార్లు చెప్పి రెండుసార్లూ తిట్లు తిన్నాడు. తల్లిదండ్రులు మైదానానికి వచ్చేసరికి ముళ్లన్నీ సున్నా మీద ఉన్నాయి. పాలకొండ వైపు నుంచి కూతురితో వచ్చిన ఒక రైతు మార్కర్ అందుకుని నొక్కి చూశాడు. టిక్కుమంది, అంతే.

“ఏటి బాబూ, ఇది పేలదేటి?”

సూరిబాబు ఇంకో మార్కర్ తీసి, దాని ముల్లు చూసి కింద పెట్టేశాడు. అతని ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఈలోగా చైర్మన్ గారు ముందుకొచ్చి రైతు భుజం మీద చెయ్యి వేశారు.

“పేల్తాది మావా! దీనికి మన రాజాం గాలి పడదు. ఇశాపట్నం నుంచి స్పెషల్‌గా తెప్పిస్తన్నాం.”

రైతు కూతురి వైపు గొప్పగా చూశాడు. ఆ పూటే సీటు తీసుకున్నారు. మరుసటి వారం కరపత్రంలో గాలి గురించి ఒక పేరా చేరింది.

సూరిబాబు కాంట్రాక్టు పొడిగించారు. ప్రతి శనివారం విశాఖపట్నం వెళ్లి గాలి తేవడం అతని పని. తెచ్చిన గాలి చైర్మన్ గారి చుట్టాలకే సరిపోయేది. నేనున్నన్నాళ్లూ ఒక్క విద్యార్థి ఆడగా చూడలేదు. కబడ్డీ కోర్టులో గడ్డి మొలిచింది. ఒక శనివారం బస్సెక్కుతూ సూరిబాబు అన్నాడు, “మాస్టారూ, కబడ్డీకైతే మన ఊపిరే సాలు కదండి. అదీ ఊరికే వస్తాది.”

ఈ కొనుగోలు నాకు నేర్పింది ఇది: నింపే చోటు తేలకుండా ట్యాంకు కొనకూడదు. ఆ సంగతి కమిటీకి చివర్లో చెబితే లాభం లేదు. సరుకు ఊరికే వస్తుందన్న మాట ఎవరి నోటైనా రాకముందే చెప్పాలి.